కారు ఆగకముందే

పరుగెత్తే బండిని కెమెరాలో పట్టే పానింగ్ విద్య రేసు ట్రాకులకే పరిమితం కాదు. ఖరగ్‌పూర్‌లో ఒక డ్రైవరు కొడుక్కి అది తండ్రిని చూసే పద్ధతి అయింది

'ఇల్లెక్కడ?' అని అడిగితే 'ట్రాఫిక్‌లో' అని జవాబు చెప్పేవాళ్లు ఖరగ్‌పూర్‌లో తప్ప మరెక్కడా కనబడకపోవచ్చు. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో ట్రాఫిక్ అన్నది ఒక పేట పేరు. వాహనాల రద్దీకీ దానికీ సంబంధం లేదు. రైల్వేవాళ్ల పరిభాషలో ట్రాఫిక్ అంటే బళ్లను నడిపించే విభాగం. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, ట్రాఫిక్... ఇక్కడి పేటల పేర్లు వింటేనే ఈ ఊరు ఎవరి చేతిలో పుట్టిందో తెలిసిపోతుంది.

ఆ పేటల్లో తెలుగు వినపడటానికి కారణమూ రైలే. 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ స్టేషన్ కట్టింది. ఆ వెంటనే వర్క్‌షాపు వచ్చింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న కోస్తా లైను కూడా అదే కంపెనీ చేతికి రావడంతో ఉత్తరాంధ్రకూ ఖరగ్‌పూర్‌కూ మధ్య దారి సుగమమైంది. అటునుంచి పనికోసం వచ్చినవాళ్లు ఇక్కడే స్థిరపడ్డారు. మూడు నాలుగు తరాలు గడిచాక, 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించినప్పుడు దేశమంతా ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల గురించి ఒక పూట మాట్లాడుకుంది.

ఆ కుటుంబాల్లో ఒకదానికి చెందినవాడే అతను. ముప్పై దాటిన వయసు, ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, వాయిదాల్లో కొన్న ఒక డిజిటల్ కెమెరా. తాత వర్క్‌షాపులో ఫిట్టర్. తండ్రికి రైల్వే ఉద్యోగం దొరకలేదు. స్టేషన్ దగ్గర కిరాయికి అంబాసిడర్ నడిపాడు, దాదాపు ముప్పై ఏళ్లు. ఇదే రాష్ట్రంలోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన కారు అది. 1950ల చివర్లో మొదలైన ఆ కారు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అప్పటినుంచి విడిభాగాల కోసం వెతుకులాట మొదలైంది. చివరికి మెకానిక్ తేల్చి చెప్పాడు: ఇంజను మళ్లీ విప్పడం దండగ, తుక్కు ధరకైనా ఇచ్చేయడమే మేలు. తండ్రి కూడా సరేనన్నాడు. ఆయన కళ్లలో శుక్లాలు మొదలయ్యాయి. రాత్రిపూట ఎదురొచ్చే హెడ్‌లైట్లు పువ్వుల్లా విచ్చుకుంటున్నాయని మానేసి అప్పటికే ఏడాదయింది. ఇక కారు ఇంటిముందు ఉండేది ఒక్క నెల.

ఆ నెలలోనే కొడుకు పాత ఆల్బమ్ తిరగేశాడు. అందులో కారు ఫొటోలకు కొదవ లేదు. ఏటా విశ్వకర్మ పూజ రోజున దండ వేసి, బానెట్ మీద పసుపు కుంకుమలు పెట్టి తీసినవి. పెళ్లికి పూలతో అలంకరించి తీసినవి. చెల్లెలు డిక్కీ మీద కూర్చుని ఉన్నవి. అన్నింటిలోనూ కారు నిలబడే ఉంది. తండ్రి కారు పక్కన, ఒక చేయి తలుపు మీద వేసి, కెమెరా కేసి బిగుసుకుని చూస్తున్నాడు. ఒక్కదానిలో కూడా ఆయన స్టీరింగ్ ముందు లేడు. ముప్పై ఏళ్లు ఆ కారు లోపల గడిపిన మనిషి ప్రతి ఫొటోలోనూ కారు బయటే ఉన్నాడు.

ఆగినదీ, కదిలేదీ

నడుస్తున్న కారును తీయాలని అతను అప్పుడు నిర్ణయించుకున్నాడు. మొదట తీసినవి నవ్వు తెప్పించాయి. షట్టర్ స్పీడ్ సెకనులో 1000వ వంతు పెట్టి నొక్కితే కారు, చక్రాలు, వెనక గోడ అన్నీ అద్దంలో చూసినట్టు స్పష్టంగా వచ్చాయి. కానీ అది నడుస్తున్న కారు అని ఎవరూ అనరు. రోడ్డు మధ్యలో ఎవరో ఆపేసి పోయినట్టుంది.

లెక్క చూస్తే కారణం తేలికగానే అర్థమవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 10 మీటర్లు కదులుతుంది. అంబాసిడర్ చక్రం చుట్టుకొలత దాదాపు రెండు మీటర్లు. అంటే సెకనుకు అయిదు చుట్లు. సెకనులో 1000వ వంతులో చక్రం తిరిగేది రెండు డిగ్రీలకన్నా తక్కువ. కంటికి అది నిలబడ్డట్టే. అదే సెకనులో 50వ వంతు ఇస్తే చక్రం 36 డిగ్రీలు తిరుగుతుంది, ఫొటోలో చక్రం తిరిగినట్టు కనబడుతుంది. అయితే ఆ కాస్త సమయంలో కారు కూడా 20 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. కెమెరా కదలకుండా ఉంటే కారు చెదిరిపోయి, వెనక గోడ మాత్రం నిక్కచ్చిగా వస్తుంది.

పానింగ్ ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. కారు ఎంత వేగంతో పోతోందో కెమెరా కూడా అంతే వేగంతో దానితోపాటు తిరగాలి. అప్పుడు కెమెరా దృష్టిలో కారు నిలబడుతుంది, లోకం పరుగెడుతుంది. గోడలు, చెట్లు, కరెంటు స్తంభాలు అడ్డగీతలైపోతాయి. చక్రం చక్రంలా తిరుగుతుంది. లోపలి మనిషి ముఖం నిలుస్తుంది. అతనికి కావలసింది ఆ ముఖమే.

రైళ్ల ఊళ్లో ఉంటూ ఈ విద్యను రైళ్ల మీదే నేర్చుకోవచ్చు కదా అని స్నేహితులు అడిగారు. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుపడ్డ 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఉన్న ఊరిది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటిపోయాయి. కానీ పట్టాల అంచున కెమెరాతో నిలబడటం ప్రాణాల మీదికి తెచ్చుకునే పని. అనుమతి లేకుండా రైల్వే హద్దుల్లోకి చొరబడటం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా. రైల్వే ఊరివాళ్లకు ఈ సంగతి ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. అతను రోడ్డునే ఎంచుకున్నాడు.

గురువు టోటో

బెంగాల్ పట్టణాల్లో బ్యాటరీ రిక్షాను టోటో అంటారు. పానింగ్ నేర్చుకునేవాడికి అంతకుమించిన గురువు లేదు. వేగం తక్కువ, పైగా ఒకే తీరుగా పోతుంది, నిమిషానికొకటి వస్తుంది. మొదటి సాయంత్రం అతను రెండువందల దాకా తీశాడు. ఒక్కటీ పనికిరాలేదు. కొన్నింట్లో టోటో సగమే పడింది, కొన్నింట్లో అంతా పొగమంచు.

తప్పు కెమెరాలో లేదు, మనిషి ఒంట్లో ఉంది. బండి వస్తుంటే కెమెరాను బాగానే తిప్పుతున్నాడు. సరిగ్గా బటన్ నొక్కే క్షణంలో భుజాలు బిగుసుకుని ఆగిపోతున్నాయి. ఫొటో అంటే ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడటమని చిన్నప్పటినుంచీ ఒంటికి పట్టిన అలవాటు అది. దాన్ని వదిలించింది పక్క క్వార్టర్‌లోని రిటైర్డ్ ఫిట్టర్. కాసేపు చూసి, 'ఫైలింగ్ చేసినట్టు చెయ్యి బాబూ' అన్నాడాయన. ఫైలు ఇనుము మీద పడకముందే చెయ్యి కదలడం మొదలవ్వాలి, ఇనుము దాటిపోయాక కూడా చెయ్యి ఆగకూడదు. మధ్యలో ఆపితే అక్కడ గాటు పడుతుంది. బ్యాట్స్‌మన్ బంతిని కొట్టాక కూడా బ్యాటును పూర్తిగా తిప్పేది ఇందుకే. ఆ మాట తర్వాత అతను బండి చాలా దూరంలో ఉండగానే దాన్ని ఫ్రేములోకి తీసుకోవడం, ఫొటో పడ్డాక కూడా కాసేపు దాన్ని సాగనంపుతూ తిరగడం మొదలుపెట్టాడు. వంద ఫొటోలకు మూడో నాలుగో నిలిచాయి.

మిగతావి ఒక్కొక్కటే తెలిసివచ్చాయి. పాదాలు బండి వచ్చే దిక్కుకు కాకుండా ఫొటో తీయబోయే చోటుకు ఎదురుగా పెట్టుకోవాలి. నడుము పైభాగాన్ని మాత్రమే బండివైపు మెలితిప్పి ఉంచితే, బండితోపాటు అది విడివడుతూ వచ్చి అసలు క్షణానికి ఒళ్లు సుఖంగా నిలుస్తుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి. చేతులు కాకుండా నడుము తిరగాలి. ఫోకస్‌ను కదిలే వస్తువు వెంటబడే పద్ధతిలో పెట్టుకోవాలి, లేదా బండి వచ్చే చోటును ముందే చూసుకుని అక్కడ ఫోకస్ చేసి వదిలేయాలి. లెన్సులో వణుకు తగ్గించే ఏర్పాటు ఉంటే దాన్ని పానింగ్ పద్ధతికి మార్చాలి, ఆ సదుపాయం లేకపోతే ఆపేయాలి. లేకపోతే మనిషి ఒకవైపు తిప్పుతుంటే లెన్సు రెండోవైపు లాగుతుంది.

ఎంత దూరంలో నిలబడాలన్నది ఇంకో పాఠం. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే కారుకు 10 మీటర్ల దూరంలో నిలబడితే, అది ఎదురుగా వచ్చేసరికి మనిషి సెకనుకు 57 డిగ్రీల వేగంతో తిరగాలి. 20 మీటర్ల దూరానికి వెనక్కి జరిగితే అందులో సగం చాలు. దగ్గరగా నిలబడితే మరో చిక్కు ఉంది. కారు ముందు భాగమూ వెనక భాగమూ కంటికి ఒకే వేగంతో కదలవు. కెమెరా ఏ భాగంతో సమానంగా తిరిగితే ఆ భాగమే స్పష్టంగా వస్తుంది. బానెట్ మీద దృష్టి పెడితే బానెట్ నిలుస్తుంది, డ్రైవరు చెదిరిపోతాడు. కనుక దేన్ని నిలపాలో ముందే తేల్చుకోవాలి. అతను మొదట్లో కారు గుర్తు మీద కన్ను ఉంచేవాడు. తర్వాత కిటికీ మీదికి మార్చాడు.

ఎండ కూడా అడ్డంకే. మధ్యాహ్నపు ఎండలో ఐఎస్‌ఓ 100 పెట్టి, అపెర్చర్‌ను ఎఫ్/16కు మూసినా షట్టర్ స్పీడ్ సెకనులో 100వ వంతు దగ్గరే ఉంటుంది. 30వ వంతుకు దిగాలంటే లెన్సు ముందు నల్లటి ఎన్‌డీ ఫిల్టరు పెట్టాలి, లేదా పొద్దు వాలేదాకా ఆగాలి. డిసెంబరులో ఖరగ్‌పూర్‌లో అయిదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. నాలుగు నుంచి నాలుగున్నర దాకా దొరికే వెలుగే అతని తరగతి గది.

చెడిపోయిందనుకున్న ఫొటో

ఈ కష్టాలు కొత్తవేమీ కాదు. ఫ్రాన్స్‌లో జాక్ ఆన్రీ లార్తీగ్ అనే ఇరవై ఏళ్లైనా నిండని కుర్రాడు ఒక గ్రాండ్ ప్రీ రేసులో దూసుకుపోతున్న కారును కెమెరా తిప్పుతూ తీశాడు. కారు వేగాన్ని అతను అందుకోలేకపోయాడు. కెమెరాలోని షట్టర్ బొమ్మను ఒక్కసారిగా కాకుండా సన్నని చీలికలోంచి వరసగా వెలిగించే రకం. దాంతో కారు చక్రం కోడిగుడ్డులా సాగి ముందుకు వాలింది. ఒడ్డున నిలబడ్డ జనమూ స్తంభాలూ రెండోవైపు ఒరిగిపోయారు. కారు సగం ఫ్రేము బయటే ఉండిపోయింది. చెడిపోయిందనుకుని పక్కన పడేసిన ఆ ఫొటో దశాబ్దాల తర్వాత బయటికొచ్చింది. 1963లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ లార్తీగ్ ఫొటోలతో ప్రదర్శన పెట్టాక లోకానికి అతని పేరు తెలిసింది. చాలాకాలం 1912 నాటిదిగా చెప్పుకున్న ఆ ఫొటో 1913 నాటిదని తర్వాత పరిశోధకులు సరిదిద్దారు. వేగం అంటే ఏమిటో చూపించడానికి ఇప్పటికీ దాన్నే ముందు పెడతారు.

ఇప్పటి సెల్‌ఫోన్లలో ఎక్కువ భాగం కూడా బొమ్మను వరసలు వరసలుగానే చదువుతాయి. కనుక ఫోను తిప్పుతూ తీస్తే ఖరగ్‌పూర్ కరెంటు స్తంభాలు కూడా లార్తీగ్ స్తంభాల్లా ఒరుగుతాయి. ఆటోలో వదిలేస్తే ఎండలో ఫోను తనంతట తానే వేగమైన షట్టర్ ఎంచుకుంటుంది, పానింగ్ సాగదు. ప్రో పద్ధతిలో స్పీడ్‌ను 60వ వంతుకో 30వ వంతుకో బిగించి సాయంత్రం పూట తీస్తే ఫోనుతోనూ నేర్చుకోవచ్చు.

తెలుగు నేలమీద ఈ విద్యకు ఒక పెద్ద పరీక్ష 2023 ఫిబ్రవరి 11న జరిగింది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు పెట్టినప్పుడు కెమెరాలు పట్టుకున్నవాళ్లందరూ తిప్పింది ఇలాగే. ఆ కార్లు ఎలక్ట్రిక్‌వి. పెట్రోలు రేసు కార్ల మాదిరిగా రొదతో ముందే కబురు పంపవు. అంబాసిడర్ అలా కాదు. డీజిల్ ఇంజను మలుపు తిరగకముందే చెప్పేస్తుంది. ఆ చప్పుడు విని నడుము మెలితిప్పుకునే వ్యవధి అతనికి ఉండేది.

ముప్పై గజాల రోడ్డు

నెలలో మూడో వారానికి అసలు పని మొదలైంది. 'ఫొటో అంటే నిలబడాలి గానీ, పరుగెడుతుంటే ఏటి తీస్తావురా?' అన్నాడు తండ్రి. అయినా తాళం చెవి తీసుకున్నాడు.

మొదటిరోజు అంతా వృథా అయింది. కెమెరా కనబడగానే తండ్రి వేగం తగ్గించి, తల తిప్పి, ఆల్బమ్‌లో ఉన్నట్టే బిగుసుకుని చూశాడు. 'రోజూ ఎలా పోనిస్తావో అలాగే పోనీ నాన్నా, నన్ను చూడకు' అని కొడుకు బతిమాలుకున్నాడు. ఇంకో పొరపాటు చోటుది. మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, బండి రోడ్డుకు ఎడమవైపు పోతుంది. కారు పోయే పక్కనే నిలబడితే ముందు ఖాళీ సీటు కనబడుతుంది, దాని వెనక నీడలో డ్రైవరు. ఆయన ముఖం దగ్గరగా కావాలంటే రోడ్డుకు అవతలి ఒడ్డున నిలబడాలి. అప్పుడు కారు ఎడమనుంచి కుడికి పోతుంది. కానీ ఎదురుగా వచ్చే బళ్లన్నీ కెమెరాకూ కారుకూ నడుమనే పోతాయి. మంచి ఫొటో అవ్వాల్సినచోట పలుమార్లు టోటో పరదా పడింది.

అక్కడ తండ్రి అనుభవం పనికొచ్చింది. గుంతలో చక్రం పడితే కారు ఎగురుతుంది. కెమెరా ఎంత నున్నగా తిరిగినా ఆ కుదుపుకు బొమ్మ చెదురుతుంది. ట్రాఫిక్ రోడ్లమీద గుంత లేని చోటేదో కొడుక్కి తెలియదు. తండ్రికి కళ్లు మూసుకున్నా తెలుసు. 'అటు రా' అని ఆయనే ఒక వరస చెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ముప్పై గజాల నున్నటి రోడ్డు, వెనక ఎర్రటి క్వార్టర్ల గోడ, బడులు వదిలే వేళ దాటాక రద్దీ తక్కువ. ఆకాశం ముందు తీస్తే అడ్డగీతలు రావు, పరుగు కనబడదు. చెట్టూ గోడా ఉంటేనే పరుగు తెలుస్తుంది. ఆ సంగతి తెలియకుండానే ఆయన సరైన చోటు చూపించాడు.

మూడు సాయంత్రాలు అటూ ఇటూ తిప్పారు. 'ఏట్రా, ఇంకెన్నిసార్లు?' అన్న మాట మొదటిరోజు విసుగ్గా వచ్చింది. మూడోరోజుకి అదే మాటలో పందెం లాంటిది చేరింది. ఆయనే మూడో గేరులో, ఒకే వేగంతో, గీత గీసినట్టు పోనివ్వడం మొదలుపెట్టాడు. కెమెరా కేసి చూడటం మానేశాడు. కొడుకు 60వ వంతు నుంచి 30వ వంతుకు దిగాడు. కారును కొడుకు అందుకోవడమే కాదు, తెలియకుండానే కొడుకు నడుముకు అందేలా తండ్రి కారు నడపసాగాడు.

అద్దమున్న కెమెరాల్లో ఒక విచిత్రం ఉంది. బటన్ నొక్కగానే లోపలి అద్దం పైకి లేస్తుంది, వ్యూఫైండర్ నల్లబడుతుంది. ఫొటో పడే ఆ కాస్త సమయం తీసేవాడికి కనబడదు. కారు అక్కడే ఉందన్న నమ్మకంతో తిరుగుతూ పోవాలి. మూడు సాయంత్రాల్లో నాలుగువందల పైచిలుకు ఫొటోలు అలా నమ్మకం మీదే తీశాడు. నిలిచినవి ఏడు. వాటిలో ఒకటి అచ్చు వేయించాడు.

అందులో తప్పులు లేకపోలేదు. వెనక డిక్కీ కొంచెం చెదిరింది. ముందు బంపరు అంచు తెగింది. చక్రాలు తిరుగుతున్నాయి, గోడ ఎర్రటి పట్టీ అయిపోయింది, చెట్లు ఆకుపచ్చ గీతలయ్యాయి. కిటికీలో తండ్రి ముఖం నిలిచింది. పెదవులు కాస్త విడివడి ఉన్నాయి, కళ్లు ఎక్కడో రోడ్డు మీద ముందుకు చూస్తున్నాయి, ఎడమ భుజం గేరు వైపు ఒరిగింది. ఆయన తనకు తాను తెలియకుండా ఉన్న ముఖం అది. ముప్పై ఏళ్లపాటు వెనక సీటు ప్రయాణికులు చూసింది ఆయన తల వెనక భాగాన్ని. ఇంట్లోవాళ్లు చూసింది పని దిగి వచ్చిన మనిషిని. నడిపేటప్పటి ముఖాన్ని ఎవరూ పనిగట్టుకుని చూడలేదు.

ఫొటో చేతికిచ్చినప్పుడు తండ్రి చాలాసేపు చూశాడు. ముఖం గురించి ఏమీ అనలేదు. 'మూడో గేరులో ఉన్నాను కదా ఇక్కడ' అన్నాడు. గేరు కిటికీలోంచి కనబడదు. భుజం ఒరిగిన తీరులో ఆయనకు తెలిసింది.

జనవరి మొదట్లో కారు వెళ్లిపోయింది. దాన్ని కొన్నవాడు లారీకి కట్టి తీసుకెళ్లాడు. చక్రాలు తిరిగాయి గానీ ఇంజను చప్పుడు లేదు. కొడుకు ఆ రోజు కెమెరా బయటికి తీయలేదు. తర్వాతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి అదే ముప్పై గజాల దగ్గర మళ్లీ నిలబడ్డాడు. ఈసారి వీధి చివర పాలు పోసే ముసలాయన సైకిలు కోసం. సైకిలు ఇంకా నిదానం. షట్టర్ 15వ వంతుకు దించాలి, నడుము ఇంకా మెల్లగా తిరగాలి. మొదటి యాభై ఎలాగూ పోతాయని అతనికి తెలుసు.